నేను తినని బోడాలు

కిందటి ఏడాది మా ఇంట్లో వండిన మంచి భోజనాలేవని ఎవరైనా అడిగితే గడగడా చెప్పగలను. ఎండల్లో చోడి అంబలి, అంటే రాగి జావ, ఎర్రచీమల పచ్చడి. తొలకరిలో బోడాల కూర. శ్రావణంలో వెదురు కొమ్ముల ఇగురు. కార్తీకంలో కొత్త సామల అన్నం, పుల్లగా ఉడికించిన ఆకుకూర. అన్నీ ఒంటికి మేలు చేసేవే, అన్నీ మా బస్తర్ సంతల్లో దొరికేవే. ఒక్కటే చిక్కు. వీటిలో చాలా వాటిని నేను తినలేదు. మా గూడ్సు బండి గార్డు తిన్నాడు. రుచులు మాత్రం నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆయన వాకీటాకీలో చెప్పేవాడు.

నేను కిరండూల్‌లో గూడ్సు బండి డ్రైవర్ని. కాగితాల్లో ఆ ఉద్యోగం పేరు మారింది గాని మా కాలనీలో ఇప్పటికీ డ్రైవరనే అంటారు. కొండ మీద తవ్విన ఇనుపరాయిని కిందికి దించడం, ఖాళీ బండిని పైకి తేవడం నా పని. కిందటేడు మార్చిలో ఆరోగ్య పరీక్షకు వెళ్తే డాక్టరు నా రక్తం రిపోర్టు చూసి, తర్వాత నన్ను చూసి, మళ్ళీ రిపోర్టు చూశాడు. మాత్రలు రాశాడు. ఏడాదిలో చక్కెర దిగకపోతే నేను ఇంజను దిగాలని హిందీలో మర్యాదగానే చెప్పాడు.

ఇంజను దిగినవాళ్ళు ఏమవుతారో నాకు తెలుసు. నాకంటే సీనియరు ఒకాయన అలాగే దిగి, డ్యూటీకి వచ్చేవాళ్ళ సంతకాలు తీసుకునే బల్ల దగ్గర కూర్చున్నాడు. బయట ఇంజను కూత వేసినప్పుడల్లా ఆయన పెన్ను ఆగిపోతుంది. అందరూ ఇంకా "డ్రైవరు గారూ" అనే పిలుస్తారు. తిట్టినా అంత బాధ ఉండదు. ఆ బల్లంటే నాకు చచ్చేంత భయం.

డాక్టరు తిండి గురించి ఒక అచ్చు కాగితం కూడా ఇచ్చాడు. అందులో ఓట్సు, ఆలివ్ నూనె, బ్రోకలీ, పేరు పలకలేని ఒక సముద్రపు చేప ఉన్నాయి. మా ఆవిడ ఆ కాగితం పట్టుకుని సంతకు వెళ్ళింది. ఆమెది శ్రీకాకుళం వైపు. సంతలో కూరలమ్మే ఆదివాసీ ముసలమ్మ హల్బీ మాట్లాడుతుంది, ఈవిడ తెలుగులోనే జవాబు చెబుతుంది, ఇన్నేళ్ళలో ఇద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు. కాగితం చూపించి, మా ఆయనకు చక్కెర రోగం, ఇవి కావాలి అందట. ముసలమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అందులోనే ఎర్రచీమల పచ్చడి పొట్లం కట్టి ఇచ్చింది. పైగా చోళ్ళు కొలిచి పోసింది.

"ఇదేటిది?" అన్నాను పొట్లం విప్పి.

"డాక్టరు కాగితంలో ఉన్నదే తెచ్చినాను," అంది మా ఆవిడ.

మర్నాటి నుంచి నా నాలుగు గిన్నెల క్యారేజిలో పైనుంచి కిందిదాకా అంబలి, చీమలు, ఆకులు. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. చోళ్ళు తినీ తినీ విసుగెత్తి మా నాన్న ఊరొదిలి ఈ రైలు కట్ట మీద రాళ్ళు కొట్టడానికి వచ్చాడు. మూడు పూటలా తెల్లన్నం తింటే చాలు, జన్మ తరించినట్టే అనుకునేవాడు. ఆయన కొడుకు ఇంజను నడిపేంతవాడై, చివరికి అదే అంబలి దగ్గరికి చేరాడు.

మా బండి చివరి పెట్టెలో ఉండే గార్డు విజయనగరం వాడు, ఉద్యోగంలో నా ఈడువాడే. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకుంటాం. ఆదివారం చర్చి, మిగతా రోజులు బంగాళాదుంపల వేపుడు, అదీ ఆయన జీవితం. వాళ్ళావిడ వేపుడు చేస్తే కాలనీలో నాలుగిళ్ళ అవతలికి వాసన వస్తుంది. ఆయనకీ చక్కెర ఉంది, ఆయనకీ డాక్టరు గడువు పెట్టాడు, కానీ వాళ్ళావిడకు ఆయన చెప్పలేదు. ఆ వేపుడు ఆయనకు మొహం మొత్తి చాలా ఏళ్ళయింది, అదీ చెప్పలేదు.

మా వాళ్ళలో క్యారేజీలు మార్చుకోవడం మామూలే. డ్యూటీ సంతకం పెట్టేటప్పుడు, బల్ల పక్కనే, మాటా పలుకూ లేకుండా చేతులు మారతాయి. దానికొక నియమం ఉంది. మార్చుకున్నాక ఆ ట్రిప్పు అయ్యేదాకా వెనక్కి అడగకూడదు. ఇంకో నియమం, ఇంట్లో చెప్పకూడదు. ఆ అంబలి తొలిరోజున నేను క్యారేజి చాచాను. ఆయన పుచ్చుకున్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. నేను ఇంజన్లో నెయ్యి వేసుకుని తెల్లన్నం, వేపుడు లాగించాను. యాభై పైచిలుకు పెట్టెల అవతల ఆయన ప్రార్థన చేసుకుని అంబలి తాగాడు.

ఎదురు బండి కోసం ఆగిన స్టేషన్లో వాకీటాకీ గురగురమంది. ఏ పెట్టెకైనా బ్రేకు పట్టేసిందేమో అనుకున్నాను.

"బావా, చీమలు."

"ఏటైంది?"

"అమృతం. నిమ్మకాయ, మిరపకాయ పెళ్ళి చేసుకుని కాపరం ఎట్టినట్టుంది. మా చెల్లమ్మ చేతులు సల్లగుండాల."

అలా మొదలైంది. ఇంటికొచ్చాక మా ఆవిడ ఎలా ఉందని అడిగితే, గార్డు మాటలు నా మాటలుగా అప్పజెప్పేవాణ్ణి. ఆమె మురిసిపోయి మర్నాడు ఇంకాస్త శ్రద్ధగా వండేది. ఆమె శ్రద్ధ పెరిగిన కొద్దీ గార్డు బెల్టుకు లోపలివైపు కొత్త కన్నాలు పడ్డాయి, నా బెల్టుకు బయటివైపు పడ్డాయి. కన్నాలు పొడిచిన మేకు ఒక్కటే, దెబ్బ కొట్టింది ఇద్దరమూ.

జూన్‌లో తొలకరి పడింది. ఇక్కడ తొలి వానలకు సాల వృక్షాల కింద మట్టిలో బోడాలు పుడతాయి. నేరేడుపండంత గుండ్రంగా ఉండే పుట్టగొడుగులు. ఏడాదిలో కొన్నాళ్ళే దొరుకుతాయి, మాంసం కంటే ప్రియం, సంతలోకి వచ్చీ రాకముందే మాయమైపోతాయి. మా ఆవిడ తెల్లారేసరికి వానలో తడుస్తూ వెళ్ళి ముసలమ్మ గంప దించకముందే దోసెడు తెచ్చింది. మట్టి పోయేదాకా ఏడుసార్లు కడిగింది. నేను నిద్రలో ఉన్నాను, ఏం వండిందో చూడనే లేదు. అలవాటు చొప్పున బల్ల దగ్గర క్యారేజి చాచాను.

ఆ రోజు వాకీటాకీలో నేనే పిలిచాను.

"బావా," అన్నాడు గార్డు. "పైన తోలు పటుక్కుమంటాది. లోపల ఎన్నపూస. మసాలా నేదు, ఏటీ నేదు. వాన పడ్డ మట్టి వాసనే మసాలా. ఇది నీకే ఇచ్చీవలసింది. ఆఖరిది తిన్నాక గానీ గుర్తు రానేదు."

సాయంత్రం ఇంటికి రాగానే మా ఆవిడ గుమ్మంలోనే అడిగింది. నేను అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. పటుక్కుమనే తోలు, వెన్నపూస, మట్టి వాసన. ఆమె మొహం వెలిగిపోయింది. "అలాగుంటాదా? నాను రుచైనా సూడనేదు. దోసెడే గదా, అంతా మీకే పెట్టీసినాను," అంది.

తేలు కుట్టిన దొంగలా కాళ్ళు కడుక్కున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. రేపటి నుంచి ఈ మార్పిడి బంద్ అని గట్టిగా అనుకున్నాను. మర్నాడు బల్ల దగ్గర క్యారేజిని వీపు వెనక దాచుకున్నాను. గార్డు చేయి చాచి నిలబడ్డాడు.

"నా షుగరు దిగుతున్నట్టుంది బావా. ఇప్పుడు మానేస్తే నా పేణం మీదికి తెచ్చినట్టే. అయినా నీకు మా ఇంటి వేపుడంటే ఇష్టం గదేటి."

ఇష్టమే. అదే నా ఖర్మ. చేతులు మారాయి. వెదురు కొమ్ములూ ఆయనే తిన్నాడు, సామల అన్నమూ ఆయనే తిన్నాడు.

చలికాలం మొదట్లో గార్డు పరీక్షకు వెళ్ళొచ్చాడు. చక్కెర దిగింది. సంతోషం పట్టలేక వాళ్ళావిడకు అప్పుడు అంతా చెప్పాడు, క్యారేజీల సంగతి తప్ప. ఆవిడ కేకు పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"సూడు వదినా," అంది మా ఆవిడతో, "మా ఆయనకు షుగరు ఉందట, నాకు తెలవనే తెలవదు. ఇప్పుడు పోయిందట. యాడాది పొడుగునా నా సేతి బంగాళాదుంపల వేపుడే తిన్నాడు. పెబువు నా మూకుడులో ఏదో మహిమ పెట్టినాడు."

నేను లోపలి గదిలో ఉండి విన్నాను. బయటికొచ్చి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. మా ఆవిడ కేకు ముక్కను చూస్తూ కూర్చుంది. గార్డు భార్య వెళ్ళాక మా ఆవిడ లోపలికొచ్చి నా పొట్టను చూసింది.

"అంబలి తాగుతున్నారు, ఆకులు తింటన్నారు, అయినా ఉబ్బిపోతన్నారు. ఇది షుగరు గాదు. మీ ఒంట్లో ఇంకేటో పెద్ద రోగముంది. అంబలి కూడా మీలోకెల్లి బెల్లమైపోతంది." అంటూ చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంజను పోతుందని నేను భయపడుతుంటే, ఆమె నేనే పోతానని భయపడుతోంది. ఆ క్షణంలో కూడా నిజం దాచాను. నా అంత పిరికివాణ్ణి ఈ లైన్లో నేను చూడలేదు.

మర్నాడు గార్డూ నేనూ మామూలుగా క్యారేజీలు మార్చుకున్నాం. ఎదురు బండి కోసం ఆగాం. నేను గిన్నె మూత తీశాను. బంగాళాదుంపల వేపుడు. వాకీటాకీ గురగురమంది.

"బావా, నీ గిన్నెలో ఏటుంది?"

"వేపుడు."

"నా గిన్నెలో కూడా వేపుడే."

ఎదురు బండి వచ్చింది, వెళ్ళింది. మా ఆవిడ అంబలి మీద నమ్మకం పోయి, వాళ్ళింటికెళ్ళి ఆ మహిమగల వేపుడు నేర్చుకుని వచ్చిందని నాకప్పుడు అర్థమైంది. నా ప్రాణం కాపాడటానికి నన్ను చంపే కూర వండింది.

"ఇంక సెప్పీ బావా," అన్నాడు గార్డు. "నాను కూడా సెప్పీస్తాను. ఈ దుంపలు నా వల్ల గాదు."

ఇంటికొచ్చి చెప్పాను. తొలిరోజు నుంచి మొత్తం చెప్పాను. అరుస్తుందనుకున్నాను, క్యారేజి విసిరేస్తుందనుకున్నాను. ఆమె స్టవ్ ఆపి, ఒక్క మాట అడిగింది.

"బోడాలు?"

"తినలేదు," అన్నాను.

ఆమె తల తిప్పుకుని మళ్ళీ స్టవ్ వెలిగించింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. క్యారేజిలో మళ్ళీ అంబలి వచ్చింది. గార్డు ఇంట్లో ఏం జరిగిందో ఆయన వివరంగా చెప్పలేదు గాని, వారానికల్లా ఆయన క్యారేజిలోనూ అంబలి వచ్చింది. ఇద్దరాడవాళ్ళూ ఏం మాట్లాడుకున్నారో ఏమో, ఒక కొత్త నియమం పెట్టారు. నేను తిన్నానని ఆయన, ఆయన తిన్నాడని నేను చీటీ రాసి ఖాళీ గిన్నెలో పెట్టి పంపాలి. బండి కదిలేముందు మేమిద్దరం అంతా సవ్యమని జెండాలు చూపించుకున్నట్టే ఇదీ. మొదటి చీటీలో నేను "అంతా సవ్యం" అని రాశాను.

మార్చి పరీక్షకు మిగిలిన ఆ మూడు నెలలూ నిజంగా తిన్నాను. పొద్దున్నే కొండదాకా నడిచాను. చీమల పచ్చడి గార్డు చెప్పినట్టే ఉంది, ఆయన కొంచెం తక్కువే చెప్పాడు. అంబలి రెండో నెలకు అలవాటైంది. మా నాన్న చూస్తే ఏమనేవాడో గాని, మధ్యాహ్నం ఎండలో కొండ దిగేటప్పుడు అది కడుపులో చల్లగా ఉండేది. మార్చిలో డాక్టరు నా రిపోర్టు చూసి, నన్ను చూసి, మళ్ళీ రిపోర్టు చూశాడు. గీత దాటకుండా బొటాబొటిగా గట్టెక్కాను. నేనిచ్చిన కాగితం ప్రకారమే తిన్నావా అని అడిగాడు. అవునండీ, ఆ కాగితంలో వచ్చిందే తిన్నాను అన్నాను. బల్ల దగ్గర సంతకం పెట్టి, పెద్దాయనకు నమస్కారం చేసి, ఇంజనెక్కి గట్టిగా కూత వేశాను.

జూన్‌లో మళ్ళీ తొలకరి పడింది. తెల్లవారే ముందు తలుపు చప్పుడైతే మెలకువ వచ్చింది. ఈసారి మళ్ళీ నిద్రపోలేదు, లేచి వంటింట్లో కూర్చున్నాను. ఆమె తడిసి వచ్చింది. దోసెడు బోడాలు ఏడుసార్లు కడిగింది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, అంతే. ఇల్లంతా వాన వాసన. నా నోట్లో నీళ్ళూరాయి.

ఆమె ఒకే పళ్ళెం తెచ్చి, నా ఎదురుగా కూర్చుని, కూరంతా అందులో వేసుకుంది. మొదటిది నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను అడగకుండా ఉండలేకపోయాను.

"ఎలాగుంది?"

"పైన తోలు పటుక్కుమంటాది," అంది కళ్ళు తెరవకుండా. "లోపల ఎన్నపూస. మసాలా నేదు, ఏటీ నేదు. వాన పడ్డ మట్టి వాసనే మసాలా."

నిరుడు నేను గుమ్మంలో నిలబడి చెప్పిన అబద్ధం. ఏడాదిపాటు ఒక్క మాట పోకుండా దాచుకుంది.

"మీ గార్డు నిజమే సెప్పినాడు," అని, ఒక్కొక్కటే నెమ్మదిగా తిని, పళ్ళెం తుడిచి లేచింది. నాకు ఒక్కటి కూడా మిగల్చలేదు.