పొయ్యెక్కిన అమెరికా విస్కీ

మనిషన్నాక ఏదో ఒకటి మాడుస్తాడు. కొందరు పాలు మాడుస్తారు, కొందరు పప్పు మాడుస్తారు, కొందరు కడుపు మాడ్చుకుంటారు. నేను మాత్రం అమెరికా వాళ్ళు పన్నెండేళ్ళు పీపాలో పెట్టి కంటికి రెప్పలా కాచుకున్న విస్కీని తాండూరులో మా అత్తగారి పొయ్యి మీద పెట్టి, ఆవిరి చేసి ఆకాశానికి పంపాను. లోకంలో కొన్నే సీసాలున్న సరుకది. అందులో ఒక సీసా ఏమైందా అని అమెరికాలో ఎవరైనా ఈనాటికీ వెతుకుతుంటే, వారి సౌకర్యార్థం ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

అవి అరవైల మొదటి రోజులు. నాకు పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. వికారాబాదులో ఒక బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మా మామ నర్సింహారెడ్డికి తాండూరు పక్కన బండల గనులుండేవి. ఆయనకు తెలుగు వచ్చు, ఉర్దూ దంచేవాడు, ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే మాత్రం చెప్పులు అక్కడే వదిలి పారిపోయేవాడు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా, ఆ ఇంట్లో నేను ఆముదం చెట్టుని. పైగా బి.ఏ. చదివిన ఆముదం చెట్టుని.

ఆ యేడు ఆ ప్రాంతపు సున్నపురాయిని పరీక్షించడానికి ఒక అమెరికా ఇంజనీరు వచ్చి కొన్నాళ్ళు ముసాఫిర్ బంగళాలో దిగాడు. అక్కడి వంటవాడి చేతివంటకు ఆయన చిక్కి సగమైతే మామ జాలిపడి రోజూ ఇంటినుంచి క్యారియర్ పంపించాడు. మా అత్తగారి జొన్నరొట్టెలకు ఆయన దాసుడైపోయాడు. బొంబాయి వెళ్తూ, ఆ కృతజ్ఞత కొద్దీ, ఒక సీసా మామ చేతిలో పెట్టి, "మళ్ళీ వచ్చినప్పుడు ఇద్దరం కలిసి దీని మూత తీద్దాం" అని సైగలతో చెప్పి పోయాడట.

ఒక శనివారం మామ పంపిన మనిషి రైలు దిగి మా ఇంటికొచ్చాడు. "అమెరికా సాబు రేపు వస్తుండంట. పటేలు మిమ్ముల్ని పొద్దుగాల బండికే రమ్మన్నడు. గా సీస మీద ఏం రాసిందో చదవాలెనంట."

అంతే. ఆదివారం పొద్దున నేనూ మా ఆవిడ సుశీలా వికారాబాదులో బండెక్కాం. ధారూర్ దాటేసరికే నేను మెడ నిక్కించి కూర్చున్నాను. ఒక సీసా చదవడానికి రైలు టిక్కెట్టు పెట్టి పిలిపించుకునే అల్లుడు ఈ లైనులో ఇంకెవడున్నాడు చెప్పండి?

ఇంటికి వెళ్ళేసరికి మామ, ఆయన స్నేహితుడు బసప్ప వరండాలో ఎదురుచూస్తున్నారు. బసప్ప బండల వ్యాపారి. కన్నడం వాడు, తెలుగు మధ్యలో కన్నడం ముక్కలు దొర్లుతుంటాయి. మామ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీది అటక ఎక్కి, తువ్వాలలో చుట్టిన సీసాను పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. మూతి చుట్టూ ఎర్రటి లక్క. లోపల రంగు చూస్తే ముదురు తేనె.

"జర చదువు అల్లుడా. సాబు ముంగట తెల్లమొఖం వేస్తే ఇజ్జత్ పోతది."

నేను గొంతు సవరించుకున్నాను.

"బోర్బన్ అనే అమెరికా విస్కీ మామా. ఇది కొన్ని సీసలే చేసిండ్రు. ఇగో, చేత్తో నంబరు గూడ వేసిండ్రు."

"హౌదా! అంటే లోకంల ఇసుంటియి ఎక్కువ లెవ్వా?" అన్నాడు బసప్ప, సీసాకు కొంచెం దగ్గరగా జరుగుతూ.

ఇంతవరకు చెప్పింది నిజమే. ఇక్కడ ఆగి ఉంటే నేను ఈ కథ రాసేవాణ్ణి కాదు. 

"'హండ్రెడ్ ప్రూఫ్' అని ఉన్నది. ప్రూఫ్ అంటే రుజువు. ఇది అసలు సరుకేనని నూరు రుజువులున్నయన్నట్టు."

"వారెవ్వా! నా చెలక నాదేనని చెప్తందుకు నాకు రెండు రుజువులు దొరుకుతలేవు," అన్నాడు మామ.

"'బాటిల్డ్ ఇన్ బాండ్'. అంటే సర్కారుకు బాండ్ కాయితం రాసిచ్చి నింపిండ్రు."

"మస్తు పక్కా మనుషులు!"

"ఇగ ఇక్కడ 'సవర్ మాష్' అని రాసిండ్రు." ఇక్కడ ఒక్క క్షణం తడబడ్డాను. సవర్ అంటే పులుపు, బాగానే ఉంది. మాష్ ఏమిటి? నేను చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్నవాణ్ణి. ఉర్దూలో మాష్ అంటే మినుములు. ఇంకేం కావాలి? "పులిసిన మినప్పప్పుతోటి చేసిండ్రు మామా!"

మామ వంగి సీసాలోకి చూశాడు.

"అంటే, దోశల పిండా?" అన్నాడు మామ మెల్లగా.

మా అత్తగారు అల్లుడి ఎదుటపడి మాట్లాడే మనిషి కాదు. తలుపు చాటునుంచే అన్నది, "సుశీలా, గంత దూరంకెళ్ళి తెచ్చుడెందుకు బిడ్డా? పప్పు నానబెడితే మనింట్ల గూడ పులుస్తది గద."

సుశీల నా చెవి దగ్గరికి వచ్చి, "మీకు నిజంగ ఎరుకేనా?" అని అడిగింది. భార్యలు అడిగే ప్రశ్నల్లో ఇంత చిన్నదీ ఇంత ప్రమాదకరమైనదీ మరొకటి లేదు. నేను వినిపించనట్టు లేబుల్ తిప్పాను. కింద 'చార్డ్ ఓక్' అని సన్న అక్షరాలతో ఇంకో వరుస ఉంది. ఓక్ అంటే ఏదో చెట్టని తెలుసు. చార్డ్ తెలియదు. తెలియని మాటను గడుసుగా దాటేయడం ఇంగ్లీషు మాస్టర్లకు వెన్నతో పెట్టిన విద్య. దాటేశాను.

"సరే, మూత తీసి నువ్వు ముందుగాల జర రుచి చూడు. మంచిగున్నదో చెడిపోయిందో తెలుస్తది. హైదరాబాదుల చదివినవు, నీకు అలవాటుంటది," అన్నాడు మామ.

హైదరాబాదులో నేను చేసిన అతి పెద్ద మత్తుపని ఇరానీ చాయ్ మీద చాయ్ తాగడం. ఆ మాట చెప్తే సరిపోయేది. కాని పిల్లనిచ్చిన మామ మనల్ని గొప్పవాణ్ణి అనుకుంటున్నప్పుడు కాదనడం పెద్దల్ని కించపరిచినట్టవుతుంది కదా?

"ఎప్పుడన్న ఒకసారి, దోస్తులు బలవంతం చేస్తే," అన్నాను సిగ్గు నటిస్తూ.

మామ కత్తితో లక్క గీకాడు. గాజు గ్లాసులో ఒక గుక్కెడు పోశాడు. నేను గ్లాసును వెలుగుకు పట్టి చూశాను, గుండ్రంగా తిప్పాను, వాసన పట్టాను. ఇవన్నీ ఎవరు నేర్పారో నాకు తెలియదు, నెయ్యి కొనేటప్పుడు మా నాన్న చేసేవాడు. వాసన తియ్యగా, పాకం పట్టిన బెల్లంలా ఉంది. ధైర్యం చేసి ఒక్కసారి గుటకేశాను.

నాలుకతో నిప్పుల గుండం తొక్కినట్టయింది. అది గొంతులోంచి దిగుతూ దారిలో ఉన్న ప్రతి ఇంటి తలుపూ కొట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని ఆనందబాష్పాలుగా మార్చడానికి నేను పడ్డ పాట్లు ఆ దేవుడికి తెలుసు. మంట తగ్గాక అడుగున ఇంకో రుచి తేలింది. కాలిన కట్టె రుచి. చల్లారిన పొయ్యిలోంచి కొరివి తీసి నాకినట్టు.

"ఎట్లున్నది?"

"కట్టె కాలిన వాసన వస్తున్నది మామా. పొగ పట్టింది."

మామ ముఖం పాలిపోయింది. తలెత్తి వంటింటి అటక వైపు చూశాడు. "నేనే పెట్టిన గాడ. ఎవ్వరు ముట్టరని పొయ్యి మీది అటక మీద పెట్టిన. సగం వానకాలం పొగ తాగింది." అలాగే కుర్చీలో కూలబడ్డాడు. "నమ్మి చేతిల పెట్టి పోయిండు. దోస్తు ఇచ్చిందాన్ని పొగపాలు చేసిన. సాబుకు ఏం మొఖం చూపియ్యాలె?"

నిజంగానే ఆయన తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు. గనిలో బండ విరిగి కాలి మీద పడ్డా నవ్విన మనిషి.

"లక్క వేసి ఉంటే పొగ లోపలికి ఎట్ల పోతది మాష్టర్ సాబ్?" అన్నాడు బసప్ప. ఆ రోజంతటిలో ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే.

"గాజుకు కంటికి కనబడని రంధ్రాలుంటయి. సైన్సు," అన్నాను.

బసప్ప సైన్సును పక్కనపెట్టి తానొక గుక్క తాగి, కళ్ళు మూసుకుని చాలాసేపు తెరవలేదు. "నాకైతే మంచిగనే అనిపిస్తున్నది. ఇంకో గుక్క పోస్తే ఖరారుగ చెప్త."

"నీకు కల్లు కుండ కడిగిన నీళ్ళు గూడ మంచిగనే ఉంటయి," అని మామ కసిరాడు.

కొండనాలుకకు మందు వేసే వైద్యుడు సరిగ్గా ఇటువంటి సమయంలోనే నోరు తెరుస్తాడు. తెరిచాను. "ఫికర్ చెయ్యకుండ్రి మామా. పాలు మాడితే మా అమ్మ యాలకులు, బెల్లం వేసి, మళ్ళ కాచి వడగడ్తది. వాసన మాయమైతది. గిది గూడ గంతే."

"పొయ్యి మీద పెట్టే వస్తువేనా, అడుగు బిడ్డా," అన్నది అత్తగారు తలుపు చాటునుంచి.

"పెట్టే వస్తువే!" అన్నాను.

పొయ్యి రాజేశారు. ఇత్తడి గిన్నెలో సీసా మొత్తం పోశాను. బెల్లం వేశాను, యాలకులు నలిపి వేశాను, గరిటె పట్టుకుని పీట మీద కూర్చున్నాను. కాసేపటికి ఇల్లంతా ఘుమఘుమలాడింది. బసప్ప వంటింటి గడపలో నిలబడి, కళ్ళు మూసుకుని, గాలిని గుటకలు వేస్తున్నాడు.

గిన్నె నుంచి ఆవిరి పొంగి పొయ్యి అంచు దిగిందో లేదో, భగ్గుమంది! గిన్నె మీద నీలం మంట లేచింది. అంత అందమైన మంటను నేను జన్మలో చూడలేదు. చూస్తూ కూర్చుంటే సరిపోయేది. దీపం ఆర్పినట్టు ఉఫ్ అని ఊదాను. మంటకు నా మర్యాద నచ్చి దగ్గరికి వచ్చి ముద్దు పెట్టుకుంది. నా కుడి కనుబొమ్మ అప్పుడే సెలవు తీసుకుంది.

"జరుగు పిలగా! జరుగు పక్కకు!"

తలుపు చాటు ఏమైందో, అల్లుడి మర్యాద ఏమైందో, మా అత్తగారు దూసుకొచ్చి నన్ను భుజం పట్టి ఈడ్చేసి గిన్నె మీద తాంబాళం బోర్లించింది. మంట చప్పున చచ్చింది. పెళ్ళయ్యాక ఆమె నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే.

తాంబాళం తీసి చూస్తే సరుకు సగానికి దిగింది. గుడ్డతో వడగట్టి రుచి చూశాను. మంట లేదు, పొగ లేదు. తియ్యగా, కమ్మగా గొంతులోకి జారిపోయింది. "అమృతం మామా!" అన్నాను.

బసప్ప కూడా చూశాడు. పెదవి విరిచాడు. "మంచిగనే ఉన్నది గని, తాగినట్టు లేదు సాబ్."

"గదే దాని గొప్పతనం!" అంటుండగా వాకిట్లో జీపు ఆగింది.

అమెరికా సాబు తాటిచెట్టంత మనిషి. వంగి గుమ్మం దాటి మామను కౌగిలించుకున్నాడు, అత్తగారికి దండం పెట్టాడు, నా ముఖం చూసి ఏదో అడగబోయి మర్యాదకు ఊరుకున్నాడు. మామ తన చేత్తో ఆ వేడి అమృతాన్ని గ్లాసులో పోసి అందించాడు. సాబు ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. గ్లాసు ఖాళీ చేసి, నవ్వుతూ నా వైపు తిరిగి ఇంగ్లీషులో రెండు మాటలన్నాడు.

"ఏమంటుండు అల్లుడా?" మామ కళ్ళు మెరుస్తున్నాయి.

"మస్తు మంచిగున్నదంటుండు మామా."

"నేను చెప్పలే! ఇంకేమన్నడు? ఇంకో మాట అన్నడు గద?"

నేను ఖాళీ గ్లాసు అందుకుని దాని అడుగు పరీక్షించాను.

"చెప్పు అల్లుడా."

"చాయ్ మస్తు మంచిగున్నది, ఇగ ఆ సీస తియ్యుండ్రి, దారి పొడుగునా దాని గురించే తలుచుకుంట వచ్చిన అంటుండు మామా."

మామ నవ్వు సగంలో ఆగిపోయింది. బసప్ప గోడ వైపు తిరిగాడు, అతని వీపు మాత్రం ఊగుతూ ఉంది. సుశీల లోపలికి వెళ్ళి ఖాళీ సీసా తెచ్చి అందరి మధ్యా పెట్టింది. ఆ మాట చెప్పే పని ఇంగ్లీషు తెలిసిన మహావృక్షానిదే కదా. నూరు రుజువులు, మినప్పప్పు, అటక, పొగ, బెల్లం, యాలకులు, నీలం మంట, అన్నీ విన్నవించుకున్నాను. సాబు ఖాళీ సీసాను చేతిలోకి తీసుకుని లేబుల్ మీది అక్షరాల దగ్గర వేలు పెట్టాడు. మామ తలవంచుకున్నాడు. తర్వాత సాబు మెల్లగా చెప్పాడు: ప్రూఫ్ అంటే ఘాటుకు కొలతట, మాష్ అంటే మక్కల గుజ్జట. ఆ మందు పోసే పీపాను ముందే లోపలంతా కాలుస్తారట. చార్డ్ అంటే అదేనట. ఆ కాలిన కట్టె రుచి దిగడానికే పన్నెండేళ్ళు ఓపిక పడతారట.

అదే మాట మామకు చెప్పాను. ఆయన నన్ను చూసిన చూపుకు రెండో కనుబొమ్మ కూడా రాలాల్సింది.

ముందు నవ్వింది సాబే. మొదలుపెట్టాక ఆపలేకపోయాడు. కుర్చీ చేయి కొట్టుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ నా కనుబొమ్మ చూసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన్ను చూసి మామ నవ్వాడు, మామను చూసి బసప్ప నవ్వాడు, తలుపు చాటున గాజులు గలగలలాడాయి. మిగిలిన 'చాయ్' అందరూ కలిసి తాగేశారు. సాబు జొన్నరొట్టెలు కడుపునిండా తిని సంతోషంగా వెళ్ళిపోయాడు.

దీపావళి దగ్గర పడ్డప్పుడు ఆ జీపు డ్రైవరు మళ్ళీ తాండూరు వచ్చాడు. చేతిలో ఒక రేకు డబ్బా. నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను.

"సాబు బిస్కీట్లు పంపిండు. గివి ఉడకబెట్టే పని లేదంట, పొయ్యి మీద పెట్టొద్దంట, ఉత్తగనే తినాల్నంట. మాష్టర్ సాబుకు ఖాస్ చెప్పుమన్నడు."

మామ డబ్బాను నా చేతికి అందకుండా దాటించి సుశీలకిచ్చాడు.

అప్పుడే తూర్పుకు తిరిగి, గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట నా ముందు ఎవరేం పోసినా, చల్లగా పోస్తే చల్లగా, వేడిగా పోస్తే వేడిగా తాగి గ్లాసు దించుతాను. ఎంత మాడు వాసన వచ్చినా మందు చెప్పను, నిప్పు రాజెయ్యను, ముఖ్యంగా ఊదను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ మాట తప్పలేదు. తప్పే వీలూ కలగలేదనుకోండి, సుశీల నన్ను వంటింటి గడప తొక్కనిస్తే కదా!