బంతి మీద కాటుక చుక్క

మలేసియాలో, క్లాంగ్ ఊళ్ళో మా వీధి చివరి కొట్లో పసిపిల్లల కాటుక డబ్బా మూత తీస్తే ఆముదపు దీపం మసి వాసన వస్తుంది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, ఈ వయసులోనూ మూత పెట్టేసి కొట్లోంచి బయటపడతాను.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ పిల్లకీ దిష్టిచుక్క పెట్టేవారు కాదు. మేముండే సుంగై సుమున్ కొబ్బరితోటలో, దీపావళి ముందటి వానలు వెలిసిన సాయంత్రాలు, కొబ్బరిచిప్పలు ఆరబెట్టే పొగ కూలీల ఇళ్ల మీద కమ్ముకుంటుంటే, తక్కిన పిల్లలంతా బుగ్గన నల్లచుక్కలతో, నూనె ఓడే అరిసె ముక్కలు నములుతూ బంతాటకు వచ్చేవారు. నేనొక్కదాన్నే బోసి బుగ్గలతో. నా విసురు బాగుందని ఎవరైనా అంటే, గుమ్మంలో నిలబడ్డ నానమ్మ మొహం మాడిపోయేది. "సాలు, ఇంటికి రాయే గుంటా," అనేది.

కారణం తాత చెప్పాడు. యుద్ధకాలంలో జపాన్ వాళ్ళు ఈ దేశాన్ని ఆక్రమించుకున్న రోజుల్లో తోట కాపలాకు వచ్చిన అధికారి ఒకడు, తన దేశంలో బేస్‌బాల్ విసరడమే ఉద్యోగంగా బతికినవాడట. అతని విసురు చూడ్డానికి జనం టిక్కెట్లు కొనుక్కుని వచ్చేవారట. యుద్ధంలో ఆ చేత్తోనే గ్రెనేడ్లు విసిరించి విసిరించి భుజం పాడుచేశారట. మావాళ్ళు అతనికి బంతి దొర అని పేరు పెట్టారు. పక్క శిబిరంతో పందేలు గెలుస్తున్నన్నాళ్ళూ పైఅధికారి అతన్ని ఇక్కడే ఉంచాడు. అతను విసిరే బంతులు పట్టేవాడు మా చిన్నతాత, తాతకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆ పని ఉన్నందుకే చిన్నతాతను, సయాం అడవుల్లో జపాన్ వాళ్ళు కూలీలతో వేయిస్తున్న రైలుదారి పనికి పంపలేదు. ఆ పనికని లారీ ఎక్కినవాడు తిరిగి రావడం తోటలో ఎవరూ చూడలేదు. అందుకే మా ఇంటిల్లిపాదీ ఒక పరాయివాడి భుజాన్ని కనిపెట్టుకుని బతికారు. తాము ఉడికించిన కర్రపెండలం తింటూ, ఉన్న కాస్త కొబ్బరినూనె కాచి ఆ భుజానికి పంపేవారు.

అప్పటికి కొత్తకోడలైన నానమ్మకు ఆ భుజం చెడింది దిష్టి వల్లే అనిపించింది. నరుడి కంటికి నాపరాళ్ళైనా పగులుతాయి కదా, భుజమెంత? కానీ దొర బుగ్గన చుక్క పెట్టే ధైర్యం ఎవరికుంది? పందెం రోజు, చిన్నతాత తుడిచి ఉంచిన బంతికే, కుట్టు పక్కన, బొటనవేలితో కాటుక చుక్క పెట్టింది.

ఆ సాయంత్రం బంతి దొర చెయ్యెత్తి విసిరాడు. బంతి పక్కకు జారి, కుర్చీలో కూర్చున్న పైఅధికారి మొహానికి తగిలింది. మర్నాడు బంతి దొరను ఎటో పంపేశారు. చిన్నతాతను లారీ ఎక్కించారు.

"బుజం అప్పుడికే పోనాదే. సుక్క ఏటి సేస్తాది?" అనేవాడు తాత. నానమ్మ బొటనవేలిని కొంగుతో తుడుచుకునేది. నాకు ఆ వేలంటే భయం.

ఇప్పుడక్కడ కొబ్బరిచెట్లు లేవు, అంతా పామాయిల్ తోట. ఆ ఇళ్ళు పడగొట్టేశారు. నానమ్మ మాట అర్థమయ్యే పిల్లలు మా ఇంట్లో తగ్గిపోయారు, చిన్నతాత పేరు చెబితే ఎవరని అడుగుతారు. నా మనవడు స్కూలు సాఫ్ట్‌బాల్ జట్టులో బంతి విసురుతాడు. పోయిన వారం ఆటకు వెళ్ళాను. "నానమ్మా, నన్ను సూడు లా!" అని, ఇక్కడి పిల్లలు ప్రతి మాట చివరా తగిలించే ఆ 'లా'తో మైదానం మధ్య నుంచి అరిచి, వాడు చెయ్యెత్తాడు.

నేను కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో చూశాను.