ఢోలక్‌కు ముందున్న మాట

ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇక నా వల్ల కాదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. చదివి జాలిపడకండి. నా మీద ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్లు మండుతుంది.

తొంభైల చివర్లో బెజవాడలో మాదొక ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ ఎక్కడ పిలిస్తే అక్కడికి వ్యాను వేసుకుని వెళ్లేవాళ్లం. పార్టీ నాది, కీబోర్డు నాది. ఢోలక్ మస్తాన్ భాయ్‌ది. ఆయన చెయ్యి పడితే జనం ఈలలు వేసేవాళ్లు. నా కీబోర్డుకు ఎవడూ ఈల వెయ్యలేదు. వెనక తెర మీద నా పేరు పెద్దక్షరాల్లో ఉండేది, ఈలలు మాత్రం ఆయనకు. అది నాకు కడుపుమంట. దానికి ఇంకో పేరు పెట్టను. కాలం మారింది, మెషీన్లు వచ్చాయి, ఏం చేస్తాం అని కొందరంటారు చూడండి, వాళ్ల చెంప పగలగొట్టాలనిపిస్తుంది. ముందు నా చెంప.

వన్ టౌన్‌లో ఆంప్లిఫయర్లు బాగుచేసే కొట్టుకు ఒక సెకండ్ హ్యాండ్ శాంప్లర్ వచ్చిందని తెలిసింది. ఏదో ఆర్కెస్ట్రా విడిపోయి అమ్మకానికి పెట్టారట. మైకు పెట్టి ఒక ముక్క వాయిస్తే అది దాచుకుంటుంది. బటన్ నొక్కితే ఆ ముక్కే వినిపిస్తుంది, ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. కొనాలా వద్దా? బటన్లు అరిగిపోయి ఉన్నాయి. అడాప్టర్ వైరుకు టేపు చుట్టి ఉంది. పెళ్లి మధ్యలో ఆగిపోతే పరువేం కాను? ఇవన్నీ ఆలోచించాను. అసలు సంగతి మాత్రం ఆలోచించనట్టు నా దగ్గర నేనే నటించాను.

మంచీ చెడ్డా చూడమని మస్తాన్ భాయ్‌నే వెంటబెట్టుకెళ్లాను. టెస్టింగ్‌కని చెప్పి ఢోలక్ కూడా తెమ్మన్నాను. కొట్లో స్టూలు మీద కూర్చుని వాయించారు. ఎప్పటిలాగే ప్రతి ముక్కకూ ముందు పెదవుల్లోనే “బిస్మిల్లా” అని, అప్పుడు చెయ్యి వేశారు. ఆ మాట లేకుండా ఆయన ఢోలక్ ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. మా పాటలకు కావలసిన తాళం నడకలన్నీ నేను ఒక్కొక్కటే అడుగుతుంటే, విసుక్కోకుండా ఒక్కో బటన్‌కు ఒక్కోటి వాయించారు. టెస్టింగ్‌కు ఒక్క ముక్క చాలదా? ఆయనకు అనుమానం రాలేదా? వచ్చిందేమో. ఆయన అడగలేదు.

బటన్ నొక్కాం. చెవి దగ్గరగా పెట్టుకుని విన్నారు. చిన్నపిల్లాడిలా నవ్వారు.

“అబ్బో! ఇంకో మస్తాన్ లోపల కూర్చున్నట్టుందండీ. వదలొద్దు మాస్టారూ, కొనెయ్యండి. నా చెయ్యి నొప్పొచ్చినప్పుడు సాయం ఉంటది.”

“తీసుకోమంటారా భాయ్?”

“తీసుకోండి. నేను చెప్తున్నా కదా.”

చూశారా? ఆయన నోటితోనే చెప్పించాను. కొనాలా వద్దా అన్నది కూడా ఆయన నెత్తినే పెట్టాను. ఎంత నీచుణ్ణి!

మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి, తీరిగ్గా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ప్రతి ముక్కకూ ముందు ఆ మాట ఉంది. సన్నగా, ఊపిరితో కలిసి. అలా ఉంచితే మా పాటగాళ్లు ఇది మస్తాన్ భాయ్ కదా అంటారు. మెషీన్లో ముక్క మొదలయ్యే చోటును కాస్త ముందుకు జరిపితే, అంతకు ముందున్నది తెగిపోతుంది. ఒక్కొక్క బటన్‌లోనూ జరిపాను. అది ఆయన దేవుడి పేరన్న ఆలోచన కూడా నాకు రాలేదు. అబద్ధం. వచ్చింది. వచ్చినా జరిపాను.

ఆ తర్వాత ఆయన ఎప్పుడు ఫోన్ చేసినా బుకింగులు లేవని చెప్పాను. బుకింగులు ఉన్నాయి. వ్యాన్లో ఆయన కూర్చునే చోట ఆ పెట్టె ఉండేది.

ఉయ్యూరులో ఒక పెళ్లి. పెళ్లికొడుకు తండ్రికి మస్తాన్ భాయ్ స్నేహితుడట, నాకేం తెలుసు? ముందు వరసలో తెల్లచొక్కా వేసుకుని కూర్చుని ఉన్నారు. పాట ఎత్తుకున్నాం, ఇక ఆపలేను. బటన్ మీదికి వేలు వెళ్లింది. నా వేలు ఎప్పుడు పడుతుందో ఏళ్ల తరబడి పక్కన కూర్చున్న మనిషికి తెలియదా? అది పడే ముందు ఆయన పెదవులు కదిలాయి. తర్వాతి పాటకూ అంతే. నేను కోసేసిన మాటను, కోసిన చోటే, ఆయన అంటున్నారు. జనం ఈలలు వేశారు. ఈసారి నా వైపు చూసి వేశారు. నేను కోరుకున్నది అదే కదా?

భోజనాలకు పిలుస్తుండగా ఆయన లేచి వెళ్లిపోయారు. తిట్టలేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే! తిట్టనందుకు ఆయన మీద కూడా ఇప్పటికీ కోపమే నాకు. సిగ్గులేని కోపం. తర్వాత ఆయన్ని వెతకలేకపోయానని రాయబోయి కొట్టేశాను. వెతకలేదు.

ఆ పెట్టె ఇంకా పలుకుతుంది. ఒక్కచోటైనా ఆ మాట పొరపాటున మిగిలిందేమోనని బటన్లన్నీ నొక్కి చూస్తుంటాను. మిగల్లేదు. శుభ్రంగా కోశాను.

మస్తాన్ భాయ్ చెయ్యి దొంగిలించింది నేనే. ఇంతవరకూ పైకి అనలేదు, ఇప్పుడన్నాను. క్షమించమని అడగడం లేదు. మీరు క్షమించడానికి అది మీ చెయ్యి కాదు. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.