తలుపు కాడి బండ

"నీ బండ ఖాళీగనే ఉంచుత అవ్వా, రా."

"వస్త బిడ్డా," అన్నాను. ఆమె వికారాబాదులో దిగిపోయింది. ఏ ఊరి బడో అడిగేలోపే బస్సు కదిలింది.

తాండూరులో ఎక్కి నా పక్కన కూర్చున్న పంతులమ్మ ఆమె. కొంగు నిండా సుద్దపొడి.

"మా బడిల నేలంత తాండూరు బండలే అవ్వా. ఒక్కో పిల్లకు ఒక్కో బండ ఇచ్చిన. దానిమీదనే రాస్తరు. తప్పైతే తడిబట్టతోని తుడుస్తరు. బండ ఎవ్వర్ని తిట్టదు," అంది.

నా పెనిమిటి బతికినన్నాళ్లూ గనిలో ఆ బండలే కోశాడు. మా ఇంట్లోనూ అవే. ఊడ్చాను, కడిగాను, చివరికి ఆయన్నీ వాటిమీదే పడుకోబెట్టాను. వాటిమీద రాయవచ్చని మాత్రం ఎన్నడూ తోచలేదు.

"నాకొక్క బండ దొర్కదా మరి?" అన్నాను నవ్వులాటకు.

ఆమె నవ్వలేదు. నా పేరడిగింది. లచ్చమ్మ అన్నాను. కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో రాసి చూపించింది.

"తలుపు కాడి బండ నీదే."

ఇప్పటికీ ఆ బస్సెక్కితే కిటికీ పక్కనే కూర్చుంటాను. దుమ్ముంటుంది గానీ నా వేలికి ఏమీ రాదు.

మనవరాలా, నేను చెప్పంగ నువ్వు రాసిందంతా జర చదువు. లచ్చమ్మ అన్న కాడ ఆగి, నా వేలు దానిమీద పెట్టు.