పెద్ద బెజ్జం సూది

ఆళ్లగడ్డలో జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లకు జహీర్ గురించి నేను చెప్పక్కర్లేదు. ఐదో ఏటికే అతనికి చెవులు పోయాయి. బడి మానేసి, తల్లి జైతున్‌బీ కుట్టుమిషను పక్కనే పెరిగాడు. ఇప్పుడు ముప్పై ఒకటి. తల్లీకొడుకులు మాట్లాడుకునే భాష ఎవరూ నేర్పింది కాదు, వాళ్ల చేతుల్లో పుట్టిందే. అందులో ప్రతి మనిషికీ ఒక గుర్తు. నేను రోజూ శిరివెళ్ల మీదుగా నంద్యాలకు బస్సులో వెళ్లి ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను కాబట్టి, కమ్మీ పట్టుకుని ఊగితే అది నేను. నా ఎదుటే ఇద్దరూ అలా ఊగి నవ్వుకుంటుంటే మొదట్లో ఒళ్లు మండేది.

రెండేళ్ల కిందట అతని చేతివేళ్లు మెలితిరగడం మొదలైంది. కత్తెర పడితే మణికట్టు వంకర పోయేది. కుట్టు చెడింది సరే, మాట కూడా చెడింది. అతను ఒకటి చెప్పబోతే చేయి ఇంకొకటి చెప్పేది. నీళ్లు కావాలని అడిగితే పొమ్మన్నట్టు కనబడి, జైతున్‌బీ ఒకరోజు అన్నం మానేసి కూర్చుంది.

నంద్యాల డాక్టరు హైదరాబాదుకు పంపాడు. అక్కడి రక్తపరీక్ష రిపోర్టు ఇంగ్లీషులో వచ్చింది. చదివి చెప్పమని నా దగ్గరికి తెచ్చారు.

మైటోకాండ్రియా కణానికి శక్తి కేంద్రమని ఇరవై ఆరేళ్లుగా పిల్లల చేత బట్టీ పట్టించి జీతం తీసుకున్నాను. దానికి కావలసిన ప్రోటీన్లు దాదాపు అన్నీ బయటే తయారవుతాయి. మరి లోపలికి ఎలా పోతాయని ఒక్క పిల్లా అడగలేదు, నేనూ చెప్పలేదు.

"ఏంది మేడం రాసినారు?" అని జైతున్‌బీ అడిగింది.

చెప్పాను. ఒంట్లో ప్రతి చోటా కంటికి కనపడని పొయ్యిలుంటాయి, వాటికి రెండు గోడలు. ఏ ప్రోటీన్ ఎక్కడికి పోవాలో దాని ఒంట్లోనే గుర్తుంటుంది. ముద్దగా ముడుచుకుంటే పట్టదు, సాగి సన్నటి రంధ్రంలో దూరాలి. రెండు గోడల నడుమ సందులో కొన్నింటిని చేయి పట్టి లోపలి గోడకు చేర్చే చిన్న ప్రోటీన్ ఒకటుంది. జహీర్‌కు అదే లేదు. అది లేకపోతే ముందు చెవి దెబ్బతింటుంది, తర్వాత చేతులు, ఆ తర్వాత కంటినరం.

ఆమెకు అర్థం కాలేదు. "దారం సూదిలోకి పోవడంల్యా అనుకో అక్కా," అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. బుద్ధిలేనిదాన్ని.

ఆమె అదే కొడుక్కి చేతులతో చెప్పింది. జహీర్ ముఖం విప్పారింది. అతనికి అదొక జబ్బే కాదు. డబ్బాలన్నీ వెతికి, జీన్స్ కుట్టే లావు సూది తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. బెజ్జం పెద్దది చూడు, దీంట్లో పోతుందన్నాడు.

"దొరుకుతాదా మేడం, అట్లాంటిది?"

"లేదక్కా. మందు లేదు."

"ఈడ లేదా? యాడా లేదా?"

"యాడా లేదు."

ఆమె రిపోర్టు కాగితాన్ని మడత మీద మడత పెట్టింది. "చెవుల్లేవు. చేతులు పోతాండాయి. కండ్లు గూడ పోతే, అమ్మ ఈడనే ఉందిరా అని వానికెట్ల చెప్పేది?"

అరచేతిలో రాయమందామంటే అతనికి అక్షరాలు రావు. చూపు ఉన్నప్పుడే, ఒంటి మీద తాకి చెప్పే గుర్తులు ఇద్దరూ నేర్చుకోవాలన్నాను. అవి ఎందుకో ముందు అతనికి తెలియాలి. ఆ మాట తనే చెబుతానంది జైతున్‌బీ.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి తిన్నగా వాళ్లింటికి వెళ్లాను. ఆమె కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుంది. వాళ్ల భాషలో చూపు పోవడానికి గుర్తే లేదు. వేరే దారి తోచక తన రెండు చేతులూ అతని కళ్లమీద కప్పింది.

అతను నవ్వి, చేతులు తీసేసి, కుట్టాల్సిన జాకెట్లు చూపించాడు. ఇంత పని పెట్టుకుని నిద్రేంటని. ఆమె తల అడ్డంగా ఊపి మళ్లీ కప్పింది. అతను విసుక్కున్నాడు. మూడోసారి కప్పినప్పుడు తల్లి కళ్లలో నీళ్లు చూశాడు. కొడుకు అలిసిపోయాడని ఏడుస్తోందనుకున్నాడు. బుద్ధిగా చాపమీద వాలి, ఆమె సంతోషం కోసం కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

జైతున్‌బీ ఎదురుగా కూర్చుని చేతులతో చెబుతూనే ఉంది. అతను కళ్లు తెరవలేదు. నాకు ఏడుపు ఆగలేదు.