చెట్టెక్కిన ముత్తాత

నా చిన్నప్పుడు, మూడో తరగతి సెలవుల్లో, ఒక పెద్దాయన చెయ్యి మా ప్రెస్సులోని అక్షరాల అర మీద పడగానే నాకు మొదటిసారి గుండె జారింది. ఆ అరలో గళ్లుగళ్లుగా సీసపు అక్షరాలుంటాయి. బోర్లిస్తే అన్నీ కలిసిపోతాయి. మళ్లీ ఏరి సర్దడానికి నెలలు పడుతుంది. మర్నాడే తాతయ్య పుస్తకం ఆవిష్కరణ, ఆఖరి పేజీలింకా అచ్చు కాలేదు.

మా తాతయ్యది నరసరావుపేటలో చిన్న ప్రెస్సు. శుభలేఖలు వేసేవాడు, వార్డు కౌన్సిలరుగా కుళాయిల దగ్గర తగాదాలు తీర్చేవాడు, మిగిలిన పొద్దంతా సైకిలు మీద ఊళ్లు తిరిగి ముసలివాళ్లు చెప్పిన పాత సంగతులు రాసుకునేవాడు. ఆ రాతలే పుస్తకం.

అచ్చు చెడిన కాగితాలు మిరపకాయ బజ్జీల బండికి వెళ్లేవి. అదే కొంప ముంచింది. నకరికల్లు వైపు నుంచి వచ్చిన ఈ పెద్దాయన బజ్జీ తింటూ కాగితం చదివాడు. పులి ఊళ్లోకి వస్తే వాళ్ల ముత్తాత చింతచెట్టెక్కాడనీ, పులిని తరిమింది రోకలి పట్టిన పక్కింటి అవ్వేననీ అందులో ఉంది. వాళ్లదేమో పులిని చంపిన వంశమని చుట్టుపక్కల పేరు. ఇద్దరు తమ్ముళ్లనూ కొడుకునూ ట్రాక్టరెక్కించుకుని వచ్చేశాడు.

"కౌన్సిలరుగారా, ఆ పేజీ చింపుతావా, ఈ అరను కుమ్మరించమంటావా?"

తాతయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు. "మీరు చెప్పిందే వేస్తానయ్యా, మీ పేర్లతో సహా. కాకపోతే ఎవర్నడిగినా విడివిడిగా అడగడం నా అలవాటు. ఒక్కొక్కరే లోపలికి రండి."

పెద్దాయన అర దగ్గర ఒక తమ్ముణ్ణి కాపలా పెట్టి మరీ లోపలికి వెళ్లాడు.

గంట తర్వాత తాతయ్య వాళ్లు చెప్పినవి అందరి ముందూ చదివాడు. పెద్దాయన లెక్కలో ముత్తాత పులిని వట్టి చేతులతో చంపాడు. పెద్ద తమ్ముడి లెక్కలో గొడ్డలితో, చిన్న తమ్ముడి లెక్కలో తుపాకీతో.

"తుపాకీ ఏందిరా? మనింట్లో తుపాకీ ఎక్కడేడ్చింది?" అని పెద్దాయన చిన్న తమ్ముడి మీద లేచాడు.

"నువ్వు వట్టి చేతులన్లా? అదేమన్నా పిల్లి అనుకున్నావా?"

చివరికి కొడుకు చెప్పింది చదివాడు. "మా నాయనమ్మ నాకు చెట్టెక్కాడనే చెప్పింది."

నేను కిసుక్కున నవ్వాను. తాతయ్య నా వైపు ఉరిమి చూశాడు. తను మాత్రం నవ్వలేదు. పాత పేజీ తీసి, అడుగున ఒక వాక్యం చేర్చి పెద్దాయన చేతికిచ్చాడు. "పులి ముందు చెట్టెక్కడం తప్పు కాదు, ఆయన ఎక్కాడు గనకే ఈ వంశం నిలిచింది."

పెద్దాయన రెండుసార్లు చదువుకున్నాడు. "ఈ మాట చానా బాగుంది. ఉంచండి," అన్నాడు. మర్నాడు సభలో ముందు వరసలో ఆయనే కూర్చున్నాడు.

ఇప్పుడు నేనిద్దరు పిల్లల తల్లిని. వీధిలో కుక్క మొరిగితే గేటు రెండుసార్లు చూసుకునే రకాన్ని. నిన్న మా పెద్దాడు వీధికుక్కకు భయపడి గోడెక్కి, దాన్ని తనే తరిమేశానని చెల్లెలికి చెప్పాడు. రాత్రి వాళ్లు నిద్రపోయాక ఈ ప్రెస్సు సంగతంతా రాసుకున్నాను. ఇవాళ పొద్దున్నే పాలు తాగుతున్న ఇద్దరితోనూ చెప్పాను:

"భయమేస్తే గోడెక్కండర్రా, చెట్టెక్కండి, సిగ్గేం లేదు. దిగొచ్చాక మాత్రం ఎక్కామనే చెప్పండి."