రెండు మిల్లీమీటర్ల దిగ్గజ్

2025 వానాకాలం. భిలాయి పారిశ్రామికవాడలో రేకుల షెడ్డు కింద మూడు ప్రెస్‌లున్న చిన్న కంపెనీ మాది. ప్రెస్ అంటే ఉక్కు రేకును అచ్చులో పెట్టి ఒక్క దెబ్బతో ఆకారం తెచ్చే యంత్రం. నేనక్కడ క్వాలిటీ ఇన్‌ఛార్జిని. తయారైన ముక్కను డ్రాయింగ్‌తో పోల్చి చూస్తాను. సరిపోతే సంతకం, లేకపోతే తగవు. రెండోదానికే నాకు పేరెక్కువ.

ఆ ఏడాది ఒక పెద్ద కార్ల కంపెనీ తన పాత ఎస్‌యూవీ ‘దిగ్గజ్’ను మళ్లీ తెస్తోందని కబురొచ్చింది. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట ఆగిపోయిన బండి. మా ఊళ్లో అది పెద్ద ఆఫీసర్ల బండి. సెక్టర్ 4లో మా స్టీల్ ప్లాంటు క్వార్టర్ ముందు నుంచి వెళ్తుంటే తల ఎత్తకుండానే చప్పుడుతో గుర్తుపట్టేవాళ్లం. దాని వెనక క్రాస్ మెంబర్‌కు శాంపిల్ చేసే అవకాశం మాకొచ్చింది. చాసిస్‌లోని రెండు పొడవు దూలాలను అడ్డంగా కలిపి పట్టి ఉంచే ఉక్కు భాగమది. బయటికి కనిపించదు. అయినా సరే, ఆ వారమంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు. మా యజమాని గుప్తాజీ మాత్రం శుభవార్తతో పాటు బెదిరింపు కూడా వినిపించాడు. ఈ ఆర్డర్ దక్కకపోతే పెద్ద ప్రెస్ అమ్మేస్తాడట. దాని మీద పద్ధెనిమిది మంది బతుకుతున్నారు.

మొదటి డ్రాయింగ్‌లో రేకు మందం మూడు మిల్లీమీటర్లు. మేం అచ్చు మొదలుపెట్టేలోపు రెండున్నర అన్నారు. అచ్చు సగంలో ఉండగా రెండన్నారు, అదీ హై టెన్సైల్ ఉక్కులో, అంటే పల్చగా ఉన్నా బలం ఎక్కువుండే రకంలో. కార్ల కంపెనీ ఇంజనీరు దేశ్‌పాండేను ఫోన్లో దులిపేశాను. దిగ్గజ్ అని పేరు పెట్టుకుని అప్పడాలతో బండి కడతారా అని అడిగాను. అతను ఓపిగ్గా చెప్పాడు. కేఫ్ అనే ఇంధన నిబంధన ఒక్క బండిని చూడదు, కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నీ తాగే ఇంధనం సగటును చూస్తుంది. ఆ హద్దు ఇంకా బిగుస్తోంది. ఎంత బిగుస్తుందన్నది ముసాయిదా మారినప్పుడల్లా మారుతోంది. బండి బరువు తగ్గితే తాగే ఇంధనమూ తగ్గుతుంది. అందుకని దిగ్గజ్ పాత పేరుతోనే రావచ్చు గానీ, పాత ఒంటితో రాకూడదు.

మా అచ్చులు చేసేది అప్పలనాయుడు బాబాయ్. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. స్టీల్ ప్లాంటులో మా నాన్నతో కలిసి పనిచేసి, రిటైరయ్యాక మా దగ్గర చేరాడు. కొత్త రేకును వేళ్లతో వంచి చూసి మొహం చిట్లించాడు.

“ఇదేటమ్మా, బండికా, బీరువాకా?”

“చట్టం అడుగుతోంది బాబాయ్.”

“సట్టం ఈ బండెక్కి గోతిలో పడతాదేటి? పడేది మనిసి కదా.”

పైకి కసిరాను గానీ నా మనసులోనూ అదే ఉంది. మా ఊళ్లో ఇంటి గేటు తెరవాలంటే భుజం ఆనించాలి. కుండీల స్టాండు మీద ఏనుగును నిలబెట్టొచ్చు. ఎవరేం వెల్డింగ్ చేయించుకున్నా చివర్లో ‘ఏక్ సపోర్ట్ ఔర్ మార్ దో’ అంటారు, ఇంకో సపోర్ట్ వేసేయమని. ఉక్కు మధ్య పెరిగినవాళ్లకు పల్చని ఉక్కంటే నమ్మకం ఉండదు.

శాంపిల్ చూడటానికి దేశ్‌పాండే వచ్చాడు. మందం, పొడవు, రంధ్రాల దూరాలు, అన్నీ నేను చూసి సంతకం పెట్టిన కాగితం అతని ముందుంచాను. అతను కాగితం పక్కకు పెట్టి కాటా అడిగాడు. మేం తూకం వేయనే లేదు. ముక్క డ్రాయింగ్ కన్నా ముప్పావు కిలో ఎక్కువ తూగింది. టార్చి వేసి లోపలికి చూస్తే, దాని రెండు పక్క గోడల మధ్య వెల్డింగ్ చేసిన అరచేతంత ఉక్కు ముక్కలు రెండు.

“మేడమ్, యే డ్రాయింగ్ మే కహాఁ హై?” అన్నాడు మెల్లగా.

డ్రాయింగ్‌లో ఎక్కడా లేవు. బాబాయ్ పెట్టినవి. వాటిని ముందురోజే నేను చూశాను. బలం ఎక్కువైతే ఎవరికి చేదు అనుకుని సంతకం పెట్టాను. తప్పు బాబాయ్‌ది ఎంతో నాదీ అంతే.

రిజెక్ట్ అన్నాడు దేశ్‌పాండే. మర్నాడు సాయంత్రం అతని ప్రయాణం. తప్పు నా సంతకానిది, ప్రెస్‌ది కాదని, అప్పటిదాకా గడువిమ్మని అరగంట వాదించాను. ఒప్పుకున్నాడు. నా నోరు మూయించడానికే అయ్యుంటుంది.

ఆ రెండు ముక్కలూ తీసేయమన్నాను బాబాయ్‌ని. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

“తీసేస్తే నోరు తెరిసేస్తాదమ్మా.”

కోయించి చూశాం. నిజంగానే పక్క గోడలు మూడు మిల్లీమీటర్లు విచ్చుకున్నాయి. దీన్ని స్ప్రింగ్‌బ్యాక్ అంటారు. గట్టి ఉక్కు వంగినట్టే వంగి, ప్రెస్ వదలగానే కొంత వెనక్కి వస్తుంది. విరుగుడు బాబాయ్‌కి తెలియనిది కాదు. అచ్చులోనే కాస్త ఎక్కువ వంచితే, అది వెనక్కొచ్చి సరైన చోట ఆగుతుంది. కానీ ఎలాగూ నిలవని రేకుకు అచ్చు మళ్లీ చెక్కడం దండగనుకుని, అతుకు వేసి ఊరుకున్నాడు.

అతని స్టీలు కంచం తీసి చేతిలో పెట్టాను. అంత పల్చటి రేకు, పట్టుకుంటే ఎందుకు వంగడం లేదు? అంచు మడత వల్ల. మన డ్రాయింగ్‌లోనూ అంచుకు మడత ఉంది, బలం అక్కడుంది అన్నాను.

“నలభయ్యేళ్లు అచ్చులు సేసినోడికి అన్నం కంచం సూపిస్తావేటి?” అన్నాడు. అని, కంచం అంచును బొటనవేలితో గట్టిగా ఒకసారి నొక్కి చూసి, లేచాడు.

మర్నాడు పొద్దున్నించీ షెడ్డులో ఇంకో పని జరగలేదు. బాబాయ్ అచ్చు చెక్కడం, ప్రెస్ కొట్టడం, నేను కొలవడం. రెండు మిల్లీమీటర్లు తేడా. మళ్లీ చెక్కాడు. ఒకటి. నాలుగో ముక్క ఎక్కువ మూసుకుపోయింది, ఇద్దరం గట్టిగా దెబ్బలాడుకున్నాం. ఐదో ముక్కను గేజ్‌లో పెట్టాం, అంటే సరైన కొలతలకు కట్టిన చట్రంలో. టక్కుమని కూర్చుంది. అందరూ కాటా చుట్టూ మూగారు. తూకం డ్రాయింగ్ చెప్పినంతే. బాబాయ్ ఆ ముక్కను ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే తుడిచి దేశ్‌పాండే చేతికిచ్చాడు.

బాబాయ్ అడిగిన గోతి ప్రశ్న మాత్రం నేను వదల్లేదు. పరీక్ష ఫలితం నా కళ్లతో చూడాలన్నాను. వాళ్ల ల్యాబ్‌లో గతుకుల రోడ్డు మీద నడిచినట్టు రోజుల తరబడి కుదిపారు. ఎక్కడా పగులు లేదని రిపోర్టు వచ్చింది, వెనకే ఆర్డరూ వచ్చింది. పెద్ద ప్రెస్ ఉన్నచోటే ఉంది.

తర్వాత కేఫ్ ముసాయిదా మళ్లీ కదిలింది, ఇంకా బరువు తగ్గించమని కొత్త డ్రాయింగ్ వచ్చింది. ఈసారి బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఈ మూల ఎందుకుంచినారు? దీనికి పనేటి?”

అడిగి చూస్తే, పాత డ్రాయింగ్ నుంచి అలాగే వచ్చేసిందట. ఆ మూల తీసేయమని దేశ్‌పాండేతో నేనే వాదించి గెలిచాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో కొలత తగ్గిందనే ముక్కలు వెనక్కి పంపాను. పని లేకుండా కూర్చున్నది కూడా లోపమేనని, దాన్నీ అంతే గట్టిగా పట్టుకోవాలని దిగ్గజ్ పుణ్యమా అని నేర్చుకున్నాను.